వదిన మూయని విండో

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి మా ఇంటిల్లిపాదికీ తెలుసు, వీధిలో సగం మందికి తెలుసు, నాకు మాత్రం ఈ మధ్యే తెలిసింది. తెలిసేలా చేసింది మా వదిన. పల్లెత్తు మాట అనకుండానే చేసింది. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మా వదిన ఆసుపత్రిలో ఈసీజీ తీస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా అదే గది, అదే రెక్సిన్ మంచం, చొక్కాలు తగిలించుకోవడానికి గోడకు అవే నాలుగు కొక్కేలు. మంచానికీ బల్లకీ మధ్య ఒక ఆకుపచ్చ తెర. నేనేమో ఆ ఈసీజీ యంత్రాలు తయారుచేసే చిన్న కంపెనీలో ఇంజినీరుని. మొత్తం పదకొండు మందిమి. నా యంత్రం వదిన గదిలోకి వచ్చింది కూడా వదిన పుణ్యమే. పాతది మూలపడ్డప్పుడు, "మా ఆడపడుచు వాళ్ళు చేస్తారు, చూడండి" అని సూపరింటెండెంట్ చెవిన వేసింది. ఆ రోజు నేను కాలర్ ఎగరేసుకుంటూ తిరిగాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. నేను పనిలో మునిగి ఉన్నాను.

"ఇంజినీరమ్మా, ఒక్క మాట. ఒకరి గుండె గీత ఇంకొకరి పేరు మీద రావడం జరుగుతుందా ఎక్కడైనా?"

"యంత్రం వదినా అది. నీకూ నాకూ ఉన్నట్టు దానికి పరధ్యానం ఉండదు. నువ్వే ఏదో నొక్కి ఉంటావు."

"సరిగ్గానే నొక్కాననుకుంటున్నా."

"అనుకోవడం వేరు, నొక్కడం వేరు. దాన్ని నడిపే ప్రోగ్రాం, ఆ డ్రైవర్, రాసింది నేను. ఆరు నెలలు పరీక్షించాం. తప్పు చేయదు."

"అంతే అయుంటుందిలే. అన్నం తిన్నావా?" అంది. తిన్నానని చెప్పి పెట్టేశాను. ఎందుకడిగావని అడగలేదు. తోచనే లేదు.

ఎందుకడిగిందో ఆదివారం మా అన్నయ్య చెప్పాడు. అన్నయ్య ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. పొద్దస్తమానం ఇతరుల తప్పులు చూసి చూసి, ఇంటికొచ్చాక ఎవరి తప్పూ ఎత్తడు. అలాంటివాడు ఆ రోజు గుమ్మంలోనే నన్ను నిలబెట్టి, "మీ వదినని పనిలోంచి ఆపేశారే" అన్నాడు.

జరిగింది ఇది. గురువారం ఒక పెద్దాయనకు వదిన ఈసీజీ తీసింది. కాగితం మీద గీత నిక్షేపంగా ఉంది. డాక్టరు చూసి, ఏం ఫర్వాలేదని ఇంటికి పంపేశాడు. సాయంత్రం ఆయన మెట్ల మీద కుప్పకూలాడు. తిరిగి తెచ్చి మళ్ళీ ఈసీజీ తీస్తే, పొద్దుటి దానికీ దీనికీ పోలికే లేదు. ఆరా తీస్తే పెద్దాయన పేరు మీదున్న గీతా, ఆయన తర్వాత పడుకున్న కాలేజీ అమ్మాయి గీతా అచ్చం ఒకటే. మనిషి బతికాడు, వార్డులో ఉన్నాడు. కానీ గుండెకు జరిగిన నష్టం జరిగింది. వదిన పేర్లు తారుమారు చేసిందని అందరూ తేల్చేశారు. బుధవారం విచారణ. తప్పు రుజువైతే ఉద్యోగం పోతుంది, ఇంకెక్కడా ఈసీజీ గదిలో అడుగుపెట్టనివ్వరు.

లోపల వదిన తెల్లకోటు ఇస్త్రీ చేస్తోంది.

"రావొద్దన్నారుగా, కోటెందుకు వదినా?"

"బుధవారం వేసుకోవాలిగా," అంది తలెత్తకుండా.

ఆమె మొహం చూస్తే జాలేసింది. రెండు రోజుల్లో పదేళ్ళు మీద పడ్డాయి. ఆ జాలిలో కూడా నా బుర్ర, పాపం ఎక్కడ పొరపాటు పడిందో కనుక్కుందామనే ఆలోచించింది గానీ, పొరపాటు పడలేదేమో అనుకోలేదు.

"గురువారం ఏం చేశావో వరసగా చెప్పు. ఏదీ వదలకు."

వదిన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "ఇది మంచం, ఇది నా బల్ల" అని ఇస్త్రీ బల్ల మీదే చేత్తో చూపించింది. "ఆయన్ని పడుకోబెట్టాను. వైర్లు అంటించాను. పేరు కొట్టి స్టార్ట్ నొక్కాను. అయ్యాక స్టాప్ నొక్కాను. వైర్లు తీసేసి, తెర వెనకాల చొక్కా వేసుకుని రండని చెప్పాను. ముసలాయన కదా, గుండీలకి టైం పడుతుంది. ఈలోపు ఆ అమ్మాయిని పడుకోబెట్టి మొదలుపెట్టాను. ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాక, కంప్యూటర్‌లో ఆయన విండో ముందుకు తెచ్చి, ఇదిగో చూడండి, గీత చక్కగా ఉంది అని చూపించి ప్రింటు తీశాను."

"ఆయన విండో ముందుకు తెచ్చి అంటే? స్టాప్ నొక్కాక ఆ విండో మూసేయలేదా?"

"మూయను. చూపించాలిగా."

"ఎవరికి?"

"వాళ్ళకి. ఎవరి గుండె అయితే వాళ్ళకి."

మా ఆఫీసులో ఆ యంత్రాన్ని కొన్ని వేలసార్లు నడిపాం. స్టార్ట్, స్టాప్, ప్రింటు, మూత. వేరే ఆసుపత్రుల వాళ్ళూ అంతే. స్టాప్ నొక్కాక పాత విండో అలాగే ఉంచి, పక్కన ఇంకొకరిది మొదలుపెట్టేవాళ్ళు ఉంటారని నా ఊహకే అందలేదు.

"అప్పుడప్పుడూ అలా ముందుకు తెస్తే గీత పిచ్చిపిచ్చిగా కనిపించేది," అంది వదిన. "వైరు సరిగా అంటలేదేమోనని మళ్ళీ పడుకోబెట్టి తీసేదాన్ని. గురువారం మాత్రం శుభ్రంగా ఉందే. అందుకే అనుమానం రాలేదు. తీసేటప్పుడు నా చూపంతా వైర్ల మీదే ఉంటుంది, గీత మీద ఉండదు."

అది విన్నాక నాకు భయం పట్టుకుంది. ఎందుకో చెప్పాలంటే యంత్రం లోపలి సంగతి కొంచెం చెప్పాలి.

కంప్యూటర్ లోపల కెర్నెల్ అని ఒకటుంటుంది. అసలు పెత్తనమంతా దానిదే. వైర్ల నుంచి వచ్చే గుండె గీత ముందు కెర్నెల్ దగ్గరికే వస్తుంది. అది ఆ గీతను ఒక పలక మీద రాస్తుందనుకోండి. మా భాషలో పలకలనం, బఫర్లంటాం, పేజీలంటాం, కానీ పలకే నయం. తెర మీద విండో చూపించే ప్రోగ్రాం కెర్నెల్ బయట ఉంటుంది. దానికి లోపలికి ప్రవేశం లేదు. మధ్యలో గోడ. ప్రతి గీతనూ పలక నుంచి ఇంకో పలకకు ఎక్కించి బయటకు పంపితే ఆలస్యమవుతుంది. అందుకని గోడకు చిన్న కన్నం పెట్టి, నువ్వే చూసుకో అని బయటి ప్రోగ్రాంకు ఆ పలకను నేరుగా చూపిస్తాం. దొంగలు వేసే కన్నంలాంటిది కాదు, కెర్నెల్ అనుమతితో పెట్టేది. కానీ అజాగ్రత్తగా పెడితే దొంగలు వేసినదానికంటే ప్రమాదం.

నేను జాగ్రత్తగానే పెట్టాననుకున్నాను. బయటి ప్రోగ్రాం చూడొచ్చు గానీ పలక మీద రాయకూడదు, అది చూసుకున్నాను. నాలుగు పలకలుంటే పది చూపించమని అడిగితే కుదరదు పొమ్మనాలి, అదీ చూసుకున్నాను. పక్క పలకల వైపు తొంగి చూడకూడదు, దానికీ అడ్డం కట్టాను. అన్నీ చేసి, స్టాప్ నొక్కగానే పలకను కెర్నెల్‌కు వెనక్కి ఇచ్చేశాను. కన్నం మూసుకుందో లేదో మాత్రం చూడలేదు.

విండో తెరిచి ఉన్నంతసేపూ కన్నం కూడా తెరిచే ఉంటుంది. పలకేమో చేతులు మారిపోతుంది. చాలాసార్లు దాని మీద పాత గీత చెరగకుండానే ఉంటుంది. అప్పుడప్పుడూ ఇంకో ప్రోగ్రాం ఇంకేదో రాసుకుంటుంది, అప్పుడు వదినకు పిచ్చి గీతలు కనబడతాయి. ఎప్పుడో ఒకసారి అదే పలక తర్వాతి మనిషి గుండెకు దొరుకుతుంది. అప్పుడు పాత మనిషి పేరు కింద కొత్త మనిషి గుండె, నిక్షేపంగా.

ఇదంతా ఇస్త్రీ బల్ల పక్కన నిలబడ్డ నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. ఆ క్షణంలో నేనేం చేయాలి? వదినా, ఇది నా తప్పు అనాలి. అంత మాట పెదాల దాకా వచ్చింది. కానీ ఇంకా ఖాయం కాలేదుగా అని ఒక సాకు దొరికింది. ఆ సాకు వెనక దాక్కున్నది నా అహంకారం తప్ప మరేమీ కాదు.

"చూసి చెబుతాను," అని చెప్పులు వేసుకుని వచ్చేశాను. అన్నయ్య గేటు దాకా వచ్చాడు, ఏమైనా అంటానేమోనని. నేను వెనక్కి చూడకుండా నడిచాను.

సోమవారం పొద్దున్నే టంకం బాబాయిని పట్టుకున్నాను. మా కంపెనీలో వైర్లకు టంకం పెట్టేది ఆయనే. అసలు పేరు జీతాల చిట్టాలో తప్ప ఎక్కడా వినబడదు. చొక్కా విప్పి బల్ల మీద పడుకోమన్నాను.

"ఈ వయసులో నాతో ఇదేం పనమ్మా," అంటూనే పడుకున్నాడు.

ఆయనకు వైర్లు అంటించి, ఆయన పేరు మీద మొదలుపెట్టి, ఆపాను. విండో మూయలేదు. అవే వైర్లు నాకు అంటించుకుని, నా పేరు మీద మొదలుపెట్టి, ఆయన విండో ముందుకు తెచ్చాను. ఆయన గీతే ఉంది. మళ్ళీ చేశాం. పిచ్చి గీతలు. మళ్ళీ చేశాం. ఖాళీ. బాబాయి ఛాతీ మీద వెంట్రుకలు ఒక్కొక్కటే ఊడి వస్తున్నాయి. పదమూడోసారి అయ్యేసరికి, "బాబాయ్, బహుశా నేనే తప్పేమో" అన్నాను. అంటే యంత్రం మంచిదేమో, వదినే పొరపాటు పడిందేమో అని. ఆ మాటకు నా మనసు తేలికపడింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, తేలికపడింది.

"ఇంకొక్కసారి చూద్దాం. ఎలాగూ అరగుండు అయింది," అన్నాడు బాబాయి.

పద్నాలుగోసారి బాబాయి పేరు కింద గీత చకచకా పరిగెత్తుతోంది. నేను ఊపిరి బిగబట్టాను, గీత తీరు మారింది. వదిలాను, మళ్ళీ మారింది.

బాబాయి కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. "ఇంత హుషారుగా నా గుండె కొట్టుకుని ముప్ఫై ఏళ్ళయింది," అన్నాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. "ఎవరిదమ్మా ఇది?"

"నాది బాబాయ్," అన్నాను. గీత సంగతే కాదు, అంతా నాదే అని చెప్పాలనిపించింది గానీ, వైర్లు పీకేసుకుని లేచాను.

మా యజమాని గదికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు. ఇల్లు తాకట్టు పెట్టి కంపెనీ పెట్టినవాడు. చెప్పిందంతా విన్నాడు.

"సరిచేయడానికెంత పడుతుంది?"

"రేపు సాయంత్రానికి అవుతుంది."

"అయితే సరిచేసి అందరికీ పంపిద్దాం. మామూలు అప్‌డేట్ అని చెప్పి." మళ్ళీ తనే, "విచారణ దాకా మనం వెళ్ళాలంటావా? మీ వదినగారికి ఇంకేదైనా దారి చూద్దాం. నేను సూపరింటెండెంట్ గారితో విడిగా మాట్లాడతాను," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నోటికొచ్చింది అనేశాను. మీ కంపెనీ పేరు నిలబడాలి, మా వదిన పేరు మట్టికొట్టుకుపోవాలా అన్నాను. రేపే రాజీనామా అన్నాను. తలుపు గట్టిగా వేసి వచ్చాను. ఆయన మీద అరిచిన ప్రతి మాటా శుక్రవారం నుంచి నేను నాకు చెప్పుకోవలసినదేనని మెట్లు దిగుతుంటే తట్టింది.

తిన్నగా అన్నయ్య ఇంటికి వెళ్ళాను. వదిన వరండాలో కూర్చుని ఉంది. గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. పలక, కన్నం, పద్నాలుగోసారి, బాబాయి పేరు కింద నా గుండె, అన్నీ. "నీ తప్పు ఇసుమంత లేదు వదినా. తప్పంతా నాది."

సంతోషిస్తుందనుకున్నాను. కనీసం ఏడుస్తుందనుకున్నాను. వదిన చేతిలోని పమిట కొంగు మడతపెడుతూ, "ఇవాళ పొద్దున ఆసుపత్రి గుమాస్తా వచ్చాడు," అంది. "తప్పు ఒప్పుకుని రాసిస్తే విచారణలో దయతలుస్తారట. రాసిచ్చేశాను."

"ఏమని?"

"పేర్లు నేనే తారుమారు చేశానని."

"చేయనిదాన్ని చేశానని ఎలా రాశావు వదినా?"

"చేయలేదని నాకేం తెలుసు?" అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, ఉంటే బాగుండేది. "యంత్రం తప్పు చేయదని నువ్వే అన్నావు. సరే, అయినా మనసు ఒప్పుకోలేదు. ఆదివారం అంతసేపు అడిగావు, నేను చేసిందంతా చెప్పాను. నువ్వేమీ అనకుండా వెళ్ళిపోయావు. నా తప్పు తెలిసిపోయింది, మొహం మీద అనలేక వెళ్ళిందనుకున్నాను. నీకు తెలియనిదా ఇది."

ఆదివారం నా పెదాల మీద ఆగిపోయిన ఒక్క మాటకు, చేయని తప్పు కింద ఈవిడ సంతకం పెట్టింది. పంతొమ్మిదేళ్ళ తన చేతులనూ కళ్ళనూ పక్కన పెట్టి నా మాట నమ్మింది. వదిన పక్కనే కింద కూలబడి ఏడ్చాను. ఆవిడే నా వీపు నిమిరింది. అది ఇంకా భరించలేకపోయాను.

మంగళవారమంతా డ్రైవర్ సరిచేశాను. చేయవలసింది పెద్దదేమీ కాదు. కన్నంలోంచి చూస్తున్న కళ్ళు ఎన్నో లెక్క పెట్టాలి. ఒకరు చూడటం మొదలుపెడితే ఒకటి కలపాలి, విండో మూస్తే ఒకటి తీసేయాలి. ప్రోగ్రాం తనలాంటి నకలు ఇంకొకటి పుట్టిస్తే ఆ నకలు కళ్ళు కూడా లెక్కలోకి రావాలి. స్టాప్ నొక్కినా సరే, ఆఖరి కన్ను పక్కకు తప్పుకునేదాకా ఆ పలక ఎవరికీ ఇవ్వకూడదు. మొత్తం నలభై వరసలు. ఇంతేనా, ఈ నలభై వరసలకేనా అనిపించింది.

బుధవారం పొద్దున ఆసుపత్రి వరండాలో మా యజమాని నిలబడి ఉన్నాడు. చేతిలో కాగితం, దాని మీద మా యంత్రాలున్న ఆసుపత్రుల పేర్లన్నీ, ప్రతిదాని పక్కనా టిక్కు.

"నిన్నంతా ఫోన్లే," అన్నాడు. "స్టాప్ నొక్కగానే విండో మూసేయమని, అనుమానమున్న పాత కాగితాలు మళ్ళీ చూడమని చెప్పాను. ఎందుకని అడిగినవాళ్ళకి మాదే తప్పని చెప్పాను. నీ రాజీనామా సంగతి తర్వాత చూద్దాం. తలుపు బాగుచేయించాలి ముందు."

నేను తల దించుకున్నాను. మనిషి నా కంటే నయం, రెండో రోజుకే దారికొచ్చాడు.

విచారణ గదిలో సూపరింటెండెంట్ గారూ, గురువారం ఆ పెద్దాయన్ని ఇంటికి పంపిన డాక్టరూ కూర్చున్నారు. వదిన ఇస్త్రీ కోటులో ఒక చివర నిలబడింది. సూపరింటెండెంట్ గారు పెద్దావిడ, తొణకని మనిషి. వదిన రాసిచ్చిన కాగితం పైకి తీసి, "ఈమె ఒప్పుకున్నారు కదా, ఇంకా ఏముంది?" అంది.

"నేను ఒప్పుకోవలసింది ఉందండీ," అన్నాను.

యంత్రం బల్ల మీద పెట్టాను. ఈసారి డాక్టరే ముందుకొచ్చి చొక్కా గుండీలు విప్పాడు. పాత డ్రైవర్‌తో తొమ్మిదోసారికి ఆయన పేరు కింద మా యజమాని గుండె వచ్చింది. డాక్టరు ఆ గీతను చూస్తూ, "నేను కూడా ఇలాంటి కాగితం చూసే పంపేశాను," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. తర్వాత కొత్త డ్రైవర్‌తో యాభైసార్లు చేశాం. ఒక్కసారి కూడా ఎవరి గీతా ఎవరి పేరు కిందకీ రాలేదు.

సూపరింటెండెంట్ గారు వదిన వైపు తిరిగింది. "అందరూ మూసేస్తారు. మీరెందుకు మూయరు?"

"కాగితం చేతిలో పెట్టి పంపేస్తే దాన్ని చూసి చూసి భయపడతారండీ," అంది వదిన. "ఆ గీతలు వాళ్ళకేం అర్థమవుతాయి. తెర మీద కదులుతుంటే చూపించి, ఇది మీ గుండె, ఇదిగో ఇలా కొట్టుకుంటోంది అంటే కుదుటపడతారు. రెండు నిమిషాలే పడుతుంది."

సూపరింటెండెంట్ గారు ఆ మాట రాసుకుంది. నాకు ఒక తెల్లకాగితం ఇచ్చింది. జరిగింది జరిగినట్టు రాశాను. శుక్రవారం ఏమన్నానో, ఆదివారం ఏమనలేదో అదీ రాశాను. అది అక్కర్లేదని మా యజమాని చెవిలో చెప్పాడు. ఉండనివ్వండన్నాను. వదిన రాసిన కాగితాన్ని చించడానికి నియమాలు ఒప్పుకోవట, నాది దాని పైన పెట్టి గుచ్చారు. మర్నాటి నుంచి పనిలోకి రమ్మన్నారు.

బయటకు రాగానే అన్నయ్యకు ఫోన్ చేద్దామన్నాను. వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ముందు ఒకరికి చెప్పాలి. ఆయనకి నేను రోజూ వార్డుకి వచ్చి క్షమాపణ చెబుతున్నాను, ఎందుకో తెలియకుండా."

రెండో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద ఆ పెద్దాయన ఉన్నాడు. కుళాయిల మేస్త్రీ. ముక్కులో గొట్టం, చేతులు మాత్రం ఇంకా మొరటుగా, బలంగా ఉన్నాయి. వదినను చూడగానే మొహం విప్పారింది. "మా ఆడపడుచు," అని నన్ను చూపించి వదిన మంచం అవతలి వైపుకు వెళ్ళి నిలబడింది. ఇక చెప్పుకోవలసింది నేనే.

చెప్పాను. విచారణలో చెప్పడం తేలిక, వాళ్ళు కుర్చీల్లో కూర్చుని విన్నారు. ఈయన పడుకుని వింటున్నాడు, నా వల్ల పడుకుని. పలక గురించీ కన్నం గురించీ చెబుతుంటే మధ్యలోనే అందుకున్నాడు.

"అంటే వాల్వు కట్టకుండా ట్యాంకు మార్చేశావు. పాత కుళాయి తిప్పితే కొత్త ట్యాంకు నీళ్ళొచ్చాయి."

"అంతేనండీ. సరిగ్గా అంతే."

"ఇప్పుడు వాల్వు పెట్టావా?"

"పెట్టానండీ. ఆఖరి కుళాయి కట్టేదాకా ట్యాంకు ముట్టుకోనివ్వదు."

"పెద్ద పనా అది?"

"కాదండీ. ఒక్క రోజు పని."

ఆయన కోప్పడలేదు. పనివాడు ఇంకో పనివాడిని అడిగినట్టు అడిగాడు. "మరి ముందే ఎందుకు పెట్టలేదమ్మా?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "పని అయిపోయాక అంతసేపు విండో తెరిచి ఉంచి, మనిషిని కూర్చోబెట్టి చూపించేవాళ్ళు ఉంటారనుకోలేదండీ."

ఆయన తల తిప్పి వదిన వైపు చూశాడు. మళ్ళీ నా వైపు చూశాడు. "మీ వదినే అంటున్నావు. ఇన్నేళ్ళలో ఈమె పనిచేస్తుంటే ఒక్కసారైనా వచ్చి చూడలేదా?"

"లేదండీ," అన్నాను.

వదిన ఆయన కాళ్ళ మీద దుప్పటి సర్దుతోంది. "తనకీ తన పనులుంటాయి కదండీ," అంది.